జానెడు పడుగు

నా చిన్నప్పుడు మా గల్లీకి నిశ్శబ్దం వారానికి ఒక్కరోజే వచ్చేది. మిగతా రోజులన్నీ మగ్గాలవే. మేము సూరత్‌లో లింబాయత్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా గది గోడకు అవతల పవర్‌లూమ్ కార్ఖానా. అన్నానికి కూర్చుంటే పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్ళు వణుకుతూనే ఉండేవి. వారానికొకసారి ఆ వీధికి కరెంటు తీసేసేవారు. ఆ రోజును అందరూ ఛుట్టీ అనేవారు. పెద్దవాళ్ళకు అది హాయి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవారు. నాకు మాత్రం అదంటే గుండె జారిపోయేది. వారమంతా మగ్గాల కింద అణిగి ఉన్న చప్పుళ్ళన్నీ ఆ రోజు ఒక్కొక్కటిగా బయటికి వచ్చేవి. ఎక్కడో కుళాయి చుక్క, ఎవరిదో దగ్గు, పైకప్పు రేకు ఎండకు టిక్కుమనడం. ఇప్పటి పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని తిరుగుతారు కాబట్టి వాళ్ళకు ఈ బాధ లేదు. నేను చెప్పబోయేది అలాంటి ఒక ఛుట్టీ నాడు, వసంతంలో, పట్టపగలు జరిగింది.

మా వాళ్ళది ఉత్తర తెలంగాణ. చేతి మగ్గాలు కూడు పెట్టడం మానేశాక మా నాన్న ఇక్కడికి వచ్చి కార్ఖానాలో చేరాడు. మా వైపు నాన్నను బాపు అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయనది ఎప్పుడూ రాత్రి పాళీ. తెల్లవారి వచ్చి పడుకునేవాడు. ఇంట్లో ఆయన తల్లి, అంటే మా నానమ్మ, మా అమ్మ, నేను. అంతే మా సంసారం.

మా అమ్మకు ఎడమచేతివాటం. నానమ్మకు అది మొదట్లో నచ్చేది కాదట గానీ, ఆ చేత్తో అమ్మ చేసే పని చూశాక నోరు మెదపడం మానేసింది. మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, అమ్మకు ఒక తోట ఉండేది. తోట అంటే ఏదో ఊహించుకోకండి. నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, వాటిలో గోంగూర, మల్లె, తులసి, ఒక కాకర పాదు. ఆ డబ్బాల పక్కనే గోడకు ఆనించి పాత నవారు మంచం చట్రం ఒకటి నిలబెట్టి ఉండేది. దానికి పైనుంచి కిందికి దారాలు బిగించి, కార్ఖానాల్లో పారేసే రంగురంగుల దారం ముక్కలతో అమ్మ గోడకు వేలాడదీసే గుడ్డ నేసేది. వరస వరసకూ పెద్ద పళ్ళ చెక్క దువ్వెనతో టప్, టప్ అని కొట్టి బిగించేది. డబ్బాలో ఏది పూస్తే గుడ్డలో ఆ రంగు పెట్టేది. తులసికి ఊదా, గోంగూర కాడకు ఎరుపు. ఈ పని వల్ల పైసా రాదు. ఎందుకమ్మా అని అడిగితే, పొద్దంతా కూలికి చీరలు మడతపెట్టి మడతపెట్టి విసుగొచ్చిన చేతులకు ఇది ఆట అనేది.

ఉత్తరాయణం, అదే మన సంక్రాంతి, పతంగుల దారాలు ఇంకా కరెంటు తీగలకు వేలాడుతుండగానే అమ్మకు జ్వరం పట్టుకుంది. జ్వరంలోనే ఒక సాయంత్రం నన్ను రెక్క పట్టుకుని మేడ ఎక్కింది. కాకర విత్తు అప్పుడే మొలకెత్తింది. గుడ్డలో గోంగూర ఎరుపు చివరి వరస అయిపోయింది. ‘‘గిది పూసినంక పసుపు పెడ్త బిడ్డా’’ అంది, ఆ మొలక వైపు చూస్తూ. మేడ మీద మేమిద్దరమే ఉన్నాం. ఆ మాట విన్నది నేను ఒక్కదాన్నే. ఆ తర్వాత అమ్మ మళ్ళీ మెట్లు ఎక్కలేదు. ఆ నెల దాటకుండానే పోయింది.

ఇక్కడ నేతవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అంటాం. గుడ్డ నేయడం అయిపోయినా పడుగును మొత్తం కోసెయ్యరు. ఒక జానెడు మగ్గానికే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకే ఒక్కో దారం అతుకుతారు. అలా ఒక మగ్గం మీద తాత పడుగుకు కొడుకు పడుగు, దానికి మనవడి పడుగు అతుక్కుని సాగుతూనే ఉంటుంది. నేసే మనిషి పోయి, ఆ పని అందుకునేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరని తేలినప్పుడు మాత్రమే పూర్తిగా కోసి మగ్గం ఖాళీ చేస్తారు. అలా కోశాక ఆ చేతి పని లోకంలో లేనట్టే.

అమ్మ చట్రాన్ని అలా కోసెయ్యాలని నానమ్మ పట్టు. చచ్చిపోయిన మనిషి పడుగు సగంలో ఉంటే అది ఆ మనిషిని లాగుతూనే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఉగాదికి ఇల్లు కడిగేలోపు కోసి తాపీ నదిలో కలిపి రమ్మని బాపుతో రోజూ అనేది. బాపు ‘‘సూద్దాం తియ్యవ్వా’’ అని అటు తిరిగి పడుకునేవాడు. నాకు లోపల ఒకటే గుబులు. అది లాగుతుందంటే అమ్మ వస్తుందనే కదా. కోసేస్తే రాదనే కదా. అమ్మ రావాలని ఎంత ఉండేదో, నిజంగా వస్తే ఎలా అన్న భయమూ అంతే ఉండేది. ఆ రెంటి మధ్య నాకు అన్నం సహించేది కాదు.

హోళీ రంగులు గోడల మీద ఇంకా ఆరకముందే మొదలైంది. బడి నుంచి వచ్చి మేడ ఎక్కితే డబ్బాల్లో మట్టి తడిగా ఉంది. అమ్మ పోయాక ఆ మొక్కలకు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. నానమ్మ మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కనివ్వవు. నేను పోసేదాన్ని కాదు, ఆ డబ్బాలను చూస్తే ఏడుపు వచ్చేది. ఎండిపోయిందనుకున్న మల్లె మొదట్లో చిన్న చిన్న ఆకులు వేసి ఉంది. కాకర తీగ ట్యాంకు పైపు వదిలిపెట్టి చట్రం వైపు సాగింది. దాని నులితీగ ఒకటి అమ్మ పడుగు దారానికి చుట్టుకుంది.

చట్రం మీద దుమ్ము పడకుండా అమ్మ పాత ఆకుపచ్చ చీర కప్పి ఉండేది. ఒకరోజు ఆ చీర అంచు ఎత్తి చూశాను. గోంగూర ఎరుపు దగ్గర ఆగిపోయిన గుడ్డ, ఆ ఎరుపు దాటి పైకి పెరిగింది. దాని మీద రెండు వేళ్ళ వెడల్పు ఆకుపచ్చ. అమ్మ నేసినట్టే ఉంది. ఎడమ చేతి దెబ్బకు వరస ఒక పక్కకు కొద్దిగా ఒరుగుతుంది, అలాగే ఒరిగి ఉంది. చీర మళ్ళీ కప్పేసి కిందికి వచ్చి నానమ్మ పక్కన ముడుచుకుని పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పూటే కోసేస్తారు.

మర్నాడు బడికి పోయేముందు చట్రం కింద ఒక బెల్లం ముక్క పెట్టాను. అమ్మకు బెల్లం అంటే ప్రాణం. సాయంత్రం వచ్చి చూస్తే బెల్లం లేదు, ఆకుపచ్చ ఇంకో వేలు పెరిగింది. అప్పటి నుంచి అది నాకు అలవాటైపోయింది. పొద్దున బెల్లం పెట్టడం, సాయంత్రం చీర ఎత్తి చూడడం. చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఉగాది ఇక దగ్గర పడింది. ఆ వారం ఛుట్టీ నాడు పొద్దున్నే మేడ ఎక్కితే కాకర తొలి పువ్వు విచ్చి ఉంది. చిన్న పసుపు పువ్వు, సరిగ్గా చట్రం పక్కనే. అమ్మ చెప్పిన మాట చెవిలో పడినట్టయింది. ఆ రోజు చీర ఎత్తి చూసే ధైర్యం లేక దిగి వచ్చేశాను. బాపు చాయ్ దుకాణానికి పోతున్నానని బయటికి వెళ్ళాడు. మధ్యాహ్నం నానమ్మ, నేను గదిలో చాప మీద పడుకున్నాం. గల్లీ అంతా పడుకుంది. కుక్క కూడా మొరగడం లేదు.

అప్పుడు వినబడింది. మా నెత్తి మీద. టప్, టప్. కాసేపు ఆగడం. మళ్ళీ టప్, టప్.

నానమ్మ వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు తెరిచి పైకప్పు వైపే చూస్తోంది. ఆవిడా విన్నది అని తెలియగానే నాకు నిజంగా భయం వేసింది. అంతవరకు అది నా ఒక్కదాని లోపలిదేమో అన్న చిన్న ధైర్యం ఉండేది. నానమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టి, ‘‘సప్పుడు చెయ్యకు బిడ్డా. పిలిస్తే పలుకకు. వచ్చింది గామె’’ అంది గుసగుసగా. దయ్యమేదో వచ్చినట్టు కాదు, ఎదురింటి మనిషి వచ్చినట్టే అంది. అందుకే మరీ భయమేసింది. తర్వాత ఆవిడ మెల్లగా లేచి, గూట్లో ఉన్న కత్తెర తీసింది. ‘‘ఉగాది దాక ఆగుడు లేదు. ఇయ్యాల్నే కోస్త’’ అంది.

కత్తెర చూడగానే నా భయం ఎటు పోయిందో తెలియదు. నేను తలుపు తీసుకుని పరుగెత్తాను. మెట్లు గది బయట గోడకు ఉండేవి, ఇనప మెట్లు, ఎండకు కాలి ఉన్నాయి. చెప్పులు లేవని కూడా తెలియలేదు. నానమ్మ మోకాళ్ళకంటే ముందు నేను పైకి చేరాలి, అమ్మను చూడాలి, లేదా పొమ్మని చెప్పాలి. ఆ రెంటిలో ఏది చెయ్యాలో మెట్లు ఎక్కుతూ ఆలోచించుకున్నాను.

పైమెట్టు మీద ఆగిపోయాను. చట్రం ముందు ఒక మనిషి కూర్చుని ఉంది, వీపు నా వైపు. నెత్తి మీద నుంచి నడుము దాకా అమ్మ ఆకుపచ్చ చీర. ఎడమ చెయ్యి దారాల మధ్య నుంచి పోయి వస్తోంది. తర్వాత ఆ చెయ్యే దువ్వెన అందుకుంది. టప్, టప్. తెల్లటి ఎండ, ఎక్కడా చప్పుడు లేదు, కాకర ఆకు కూడా కదలడం లేదు. కాలు కాలుతున్నా నేను అక్కడి నుంచి కదలలేకపోయాను. నానమ్మ పలకొద్దంది. కానీ నా నోరు నా మాట వినలేదు. ‘‘అమ్మా’’ అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి తిరగలేదు. ఎంతసేపు తిరగలేదో ఇప్పటికీ నాకు చెప్పడం రాదు. భుజాలు మాత్రం కదలడం మొదలుపెట్టాయి. తర్వాత మెల్లగా చీర జారింది. మా బాపు. ముఖమంతా తడి. నన్ను దగ్గరికి రమ్మని కూడా అనలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాడు.

నేనే పోయి ఆయన ఒళ్ళో పడ్డాను. అంత ఏడుపు నేను అమ్మ పోయిన రోజు కూడా ఏడవలేదు. ఆయనా ఏడ్చాడు. ఎండ నెత్తి మాడుస్తుంటే చీర కప్పుకున్నానని చెప్పాడు. పగటి నిద్ర రాక రోజూ పైకి వస్తున్నానని, డబ్బాలకు నీళ్ళు పోసేది తానేనని, నేను పెట్టిన బెల్లం తిన్నది కూడా తానేనని ఒప్పుకున్నాడు. మరి ఎడమ చేత్తో ఎందుకు బాపూ అని అడిగాను. ఆయనది కుడిచేతివాటం. ‘‘నా చేత్తోని నేస్తే మీ అమ్మ పని కాడ ఒక గీత పడ్తది బిడ్డా. సూసేటోళ్ళకు గా గీతనే కనవడ్తది. సగంల తెంపుడు నాతోని కాలే. గందుకే గామె చెయ్యి నేర్చుకున్న’’ అన్నాడు. ఆ చేతి వేళ్ళకు పొక్కులు లేచి ఉన్నాయి. ఇష్టమైన మనిషి పోతే ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పొక్కులు చూశాక కొంత తెలిసింది.

ఇంతలో నానమ్మ వచ్చింది, ఇనప కడ్డీ పట్టుకుని, రొప్పుతూ, చేతిలో కత్తెరతో. చలికాలం మొదలైన తర్వాత ఆవిడ ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. కొడుకును, కోడలి చీరను చూసి అంతా అర్థమైంది. ‘‘నీ పాడుగాను, పానం తీసినవ్ కదరా’’ అని తిట్టింది. తిడుతూ తిడుతూ ట్యాంకు నీడలో కూలబడింది. తర్వాత తెలిసిందేమిటంటే, మధ్యాహ్నం పూట బాపు పైన నేస్తాడని చుట్టుపక్కల గదుల వాళ్ళందరికీ తెలుసట. తెలియనిది మా ఇద్దరికే.

కథ అక్కడితో ముగిసి ఉంటే నేను ఇది చెప్పేదాన్నే కాదు. భయం తీరి ముగ్గురం కాస్త తేరుకున్నాం. బాపు నా తల నిమురుతూ, ‘‘పసుపు మస్తు పెట్టినవ్ బిడ్డా. మీ అమ్మ పెట్టినట్టే పెట్టినవ్. ఎప్పుడు నేర్చుకున్నవ్?’’ అన్నాడు.

నేను తల తిప్పి గుడ్డ వైపు చూశాను. ఎరుపు మీద ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద, నేను ఆ రోజు చూడడానికి భయపడిన చోట, వేలి వెడల్పున పసుపు. దాని పైన మళ్ళీ బాపు అప్పుడే మొదలుపెట్టిన ఆకుపచ్చ వరసలు. ‘‘నేను పెట్టలే బాపూ’’ అన్నాను.

ఆయన నవ్వాడు, నేను ఆడుతున్నాననుకుని. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. తాను పెట్టింది ఆకుపచ్చ ఒక్కటేనని, తన దగ్గర పసుపు దారం కండె లేనే లేదని చెప్పాడు. ‘‘మరి ఎవలు?’’ అని తల్లి వైపు చూశాడు. నానమ్మ తన మోకాళ్ళు చూపించింది. కాకర పూశాక పసుపు పెడతానని అమ్మ నాతో అన్న మాట అప్పుడు చెప్పాను. చట్రం మీద కాకర నులితీగ ఒకటి గాలి లేకుండానే సన్నగా ఆడింది. నేను చూశాను.

నానమ్మ కత్తెర పట్టుకునే లేచింది. చట్రం దగ్గరికి పోయి, పసుపు చార మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో రాసి చూసింది. వరస ఒరిగింది ఎటో చూసింది. ఇక కోసేస్తుందని నేను బాపును గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ కత్తెర రొంటిలో దోపుకుంది. ‘‘పని మీద వచ్చింది గామె. పని చేసుకునేదాన్ని ఎల్లగొడ్తమా?’’ అంది. తర్వాత నా వైపు తిరిగి, ‘‘జర పొయ్యిలకెల్లి బూడిద పట్కరా బిడ్డా’’ అంది.

పెళ్ళి కాకముందు నానమ్మ ఊళ్ళో పడుగులు అతికేదట. ఇంటింటికీ ఆవిడనే పిలిచేవారట. నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. వేళ్ళకు బూడిద రాసుకుని, పాత దారం కొస ఒకటి, కొత్త దారం కొస ఒకటి పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క మెలి తిప్పితే రెండూ ఒకటే దారం అయ్యేవి. ముడి కూడా కనబడేది కాదు. అమ్మ పడుగు పైకొసలకు అలా ఒక్కో దారం అతుకుతూ పోయింది. పొద్దు వాలే దాకా అతికింది. సగానికి వచ్చాక నా వేళ్ళకు బూడిద రాసి నన్ను అతకమంది. మొదటివి తెగిపోయాయి. తెగినా ఏమీ అనలేదు. నేను అతికిన మొదటి దారం నిలిచినప్పుడు, చేత్తో లాగి చూసి, ‘‘ఇగ భయపడకు. నీ దారం, మీ అమ్మ దారం ఒక్కటే ఇప్పుడు. రానీ, పోనీ, గామె ఇష్టం’’ అంది. ఉగాదికి ఇల్లంతా కడిగారు. చట్రం జోలికి ఎవరూ పోలేదు.

ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఆ పడుగు తెగలేదు. ఒక గుడ్డ అయిపోతే దాన్ని కోసి, జానెడు వదిలి, కొత్తది అతుకుతూనే వచ్చాను. పెళ్ళయి సూరత్‌లోనే ఉన్న వడోద్‌కు వచ్చినప్పుడు పెట్టెకంటే ముందు చట్రం ఆటో ఎక్కింది. మా అత్తగారు నవ్వారు, నవ్వనీ. ఇప్పుడు అది మా గ్యాలరీలో, అదే బాల్కనీలో, డబ్బాల పక్కన ఉంటుంది. నా మనవరాలు ఫోన్‌లో ఫోటోలు తీసి, నానీ కా ఆర్ట్, అమ్మమ్మ కళ, అని ఎవరెవరికో పంపుతుంది. తనకు అతకడం నేర్పాను. వేళ్ళు చురుకైనవే, మనసు నిలవదు. ‘‘నేను పోయినంక కోయాలనిపిస్తే కోయి తల్లీ, జానెడు మాత్రం వదులు’’ అని చెప్పాను. ‘‘ఐసీ బాతేఁ మత్ కరో నానీ’’ అని, అలాంటి మాటలు వద్దంటూ నా నోరు మూసింది.

పోయినవాళ్ళ వస్తువులు ఏం చెయ్యాలని ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను అడుగుతుంటారు. వస్తువుల సంగతి నాకు తెలియదు. వాళ్ళు సగంలో వదిలిన పని ఏదైనా ఉంటే కూర్చుని కొంచెం చెయ్యమంటాను, వాళ్ళు చేసినట్టే చెయ్యమంటాను. బాపు చేసింది అదే. ఆ పసుపు గురించి మాత్రం ఆయన చివరిదాకా అదే మాట మీద ఉన్నాడు. మంచం పట్టాక ఒకసారి నేనే అడిగాను. నేను కాదు బిడ్డా అన్నాడు, అబద్ధం ఆడే ఓపిక కూడా లేని గొంతుతో.

ఏటా కాకర తొలి పువ్వు విచ్చిన రోజు నేను చట్రం ముందు కూర్చోను. పసుపు కండె ఒకటి అక్కడ పెట్టి, కింద బెల్లం పెట్టి, లోపలికి వచ్చి గ్యాలరీ తలుపు దగ్గరగా వేస్తాను. పసుపు వరస మళ్ళీ ఎప్పుడూ పడలేదు, అది నేను నిజమే చెప్పాలి. బాపు కూడా పోయి చాలా ఏళ్ళయింది. బెల్లం మాత్రం ఒక్క ఏడు కూడా మిగల్లేదు. చీమలో ఉడతలో తింటాయి నానీ అంటుంది నా మనవరాలు. అయ్యుండొచ్చు. నేను ఒక్క ముక్క పెట్టేదాన్ని, బాపు పోయినప్పటి నుంచి రెండు పెడుతున్నాను.